వంటింటి గోడకు పైకప్పు దాకా టైల్సా, గట్టు మీద రెండడుగులు చాలా?

బెజవాడ_వంటిల్లు

మా ఫ్లాటు 2008లో కట్టిన అపార్ట్‌మెంటులో ఉంది. వంటిల్లు 8 అడుగుల వెడల్పు, 10 అడుగుల పొడవు. రెండు గోడల వెంట మలుపు తిరిగిన నల్ల గ్రానైట్ గట్టు మొత్తం 14 అడుగులు వస్తుంది. గట్టు మీద 2 అడుగుల ఎత్తు వరకు పండ్ల బొమ్మలున్న టైల్స్, ఆపైన డిస్టెంపర్ వేసి ఇచ్చారు. ఇప్పుడు పొయ్యి పైన గోడ వేలు పెడితే అంటుకునేంత జిడ్డుగా మారింది. తడిగుడ్డతో తుడిస్తే జిడ్డు పోదు సరికదా, రంగే ఊడి గుడ్డకు వస్తోంది. టైల్స్ మధ్య సందులు ఎంత రుద్దినా నల్లగానే ఉంటున్నాయి. సింకు పక్క గోడ మీద ప్రతి ఏడూ వానలు వెళ్ళేసరికి రంగు పొక్కులు లేస్తుంది, గీరితే తెల్లటి పొడి రాలుతుంది.

ముగ్గురిని పిలిచి అడిగాను. ఒకరు పైకప్పు దాకా టైల్స్ అన్నారు, ఒకరు రంగు గాజు అన్నారు, మూడో వ్యక్తి పాత టైల్స్ మీదే పీవీసీ పలకలు రెండు రోజుల్లో బిగించి ఇస్తానన్నారు. ఐదుగురికి మూడు పూటలా వండే ఇల్లు మాది, పోపు వేయని రోజు ఉండదు. పదేళ్ళపాటు తుడుచుకుంటే శుభ్రపడే గోడ కావాలి. వారం రోజులకు మించి వంటిల్లు మూసుకోలేము. వాడి చూసినవారు చెప్పగలరా?

విశాఖ_తీరం

పైకప్పు దాకా టైల్స్ వేయించండి. మేము ఆరేళ్ళ క్రితం డబ్బు మిగులుతుందని అల్మారాల కింద వరకే వేయించి, అల్మారాకూ పైకప్పుకూ మధ్య అడుగున్నర గోడను రంగుకే వదిలేశాము. పొయ్యి ఆవిరి అంతా చేరేది అక్కడికే. ప్రతి సంక్రాంతికి ముందు నిచ్చెన వేసుకుని ఆ అడుగున్నర గోడతో పెనుగులాడుతున్నాను.

తాపీ_మేస్త్రి_గుంటూరు

ఏ రకం వేయాలనే మాట తరువాత అమ్మా, ముందు గోడ సంగతి తేల్చుకోండి. మీ సింకు పక్కన రాలుతున్న తెల్ల పొడి రంగు లోపం వల్ల వచ్చింది కాదు. గోడలో చేరిన నీరు ఇటుకలోనూ సిమెంటులోనూ ఉన్న ఉప్పును కరిగించి పైకి తెస్తుంది, నీరు ఆరిపోయాక ఉప్పు మిగులుతుంది, అది లప్పాన్ని లోపలి నుంచి తోసేస్తుంది. ఆ నీరు ఎక్కడి నుంచి వస్తోందో కనుక్కోకుండా ఎంత ఖరీదైన టైల్ వేసినా, ఆ చెమ్మ టైల్ అంచు దాటి పక్కన పైకి తేలుతుంది.

ఒక చిన్న పరీక్ష చేయండి. పొక్కులు గీరి శుభ్రం చేసిన చోట అడుగు పొడవు, అడుగు వెడల్పు ఉన్న పాలిథిన్ ముక్కను నాలుగు అంచులా గాలి చొరకుండా టేపుతో అతికించి రెండు రోజులు వదిలేయండి. కవరు లోపలి వైపు నీటి బొట్లు పడితే చెమ్మ గోడలోనే ఉన్నట్టు, బయటి వైపు మాత్రమే తడిస్తే అది వంటింటి ఆవిరి. లోపలే ఉన్నట్టు తేలితే కుళాయి గొట్టాన్నీ, సింకు నుంచి వెళ్ళే గొట్టాన్నీ, కిటికీ బయటి వైపు పగుళ్ళనూ చూపించుకోవాలి.

రెండోది, పాత టైల్స్‌ను ఒక్కొక్కటిగా నాణెంతో తట్టి వినండి. గట్టి శబ్దం వస్తే పట్టు ఉన్నట్టు. డొల్ల శబ్దం వచ్చిన ప్రతి దాని మీదా సుద్దతో గుర్తు పెట్టండి. పాత టైల్స్ మీద కొత్తవి వేయవచ్చా, చెక్కేయాలా అన్నది ఆ గుర్తులు చూసి చెప్పవలసిన మాట.

లెక్కల_మాస్టారు

సందులు నల్లబడటం గురించి ఒక లెక్క చూపిస్తాను. టైల్ పైన గాజులాంటి పూత ఉంటుంది కనుక దానికి జిడ్డు పట్టదు, పట్టేది సందును నింపే గ్రౌటు అనే ముద్దకే. కాబట్టి ఏ రంగు టైల్ అని అడిగే ముందు ఎన్ని అడుగుల సందు వస్తుందని అడగాలి. 3 అంగుళాలు, 6 అంగుళాల చిన్న టైల్స్ వేస్తే చదరపు అడుగుకు 6 అడుగుల సందు వస్తుంది. 12 అంగుళాలు, 24 అంగుళాల టైల్స్ వేస్తే అదే చదరపు అడుగుకు ఒకటిన్నర అడుగు మాత్రమే. మీ గట్టు మీద 14 అడుగుల పొడవు, 2 అడుగుల ఎత్తు అంటే 28 చదరపు అడుగులు. చిన్న టైల్స్‌తో 168 అడుగుల సందు రుద్దాలి, పెద్ద వాటితో 42 అడుగులు. ఇటుకల వరసలా పేర్చిన చిన్న టైల్స్ ఫొటోల్లో ఎంత బాగున్నా, పోపు ఇంటికి నేను సిఫారసు చేయను.

కూకట్‌పల్లి_అద్దెఇల్లు

ప్రశ్న సొంత ఇంటివారిది అయినా, అద్దె ఇళ్ళవారు చదువుతారని చెబుతున్నాను. అల్యూమినియం రేకు అంటుకాగితాన్ని పొయ్యి వెనక అతికించాము. మొదటి నాలుగు నెలలు ఎంతో హాయిగా తుడుచుకున్నాము. తరువాత పొయ్యి వేడికి అంచులు లేచాయి, లేచిన చోట నూనె లోపలికి దిగింది, తీసేసరికి జిగురుతోపాటు యజమాని వేయించిన రంగు కూడా ఊడి వచ్చింది. దానికి బదులు ఇప్పుడు పొయ్యి వెనక గట్టు మీద ఒక పెద్ద టైల్‌ను గోడకు ఆనించి నిలబెట్టాము. వారానికొకసారి తీసి కడిగి మళ్ళీ పెడుతున్నాము, గోడ చెక్కుచెదరలేదు.

బెజవాడ_వంటిల్లు

మేస్త్రిగారూ, ఈ రోజే పాలిథిన్ అతికించాను. టైల్స్ కూడా తట్టి చూశాను. పొయ్యి వైపు గోడ మీద అన్నీ గట్టిగానే పలికాయి, సింకు చుట్టూ మాత్రం తొమ్మిది టైల్స్ డొల్లగా ఉన్నాయి. మాస్టారుగారి లెక్క చూశాక చిన్న టైల్స్ ఆలోచన మానుకున్నాను. రంగు గాజు వాడినవారు ఎవరైనా ఉన్నారా?

హనుమకొండ_గాజుగోడ

మూడేళ్ళుగా వాడుతున్నాను. పొయ్యి వెనక 5 అడుగుల పొడవున ఒకే పలక, వెనక వైపు రంగు పూసిన టఫెన్డ్ గాజు. సందు అనేదే లేదు కనుక రాత్రి వంట ముగించి గోరువెచ్చని నీటిలో గిన్నెలు తోమే ద్రవం రెండు చుక్కలు వేసి తుడిస్తే చాలు. పసుపు మరక కూడా ఆగదు. ఇబ్బంది ఏమిటంటే ప్రతి చుక్కా కనిపిస్తుంది, తుడవని రోజు గోడే పట్టించి ఇస్తుంది. లేత రంగు తీసుకోండి. మా ముదురు ఎరుపు మీద నీటి మరకలు కూడా తెల్లగా తేలుతున్నాయి.

తాపీ_మేస్త్రి_గుంటూరు

గాజు మంచిదే, అయితే ఒక జాగ్రత్త ఉంది. టఫెన్డ్ గాజును ఫ్యాక్టరీలో కాల్చి గట్టిపరచిన తరువాత కోయడానికీ, రంధ్రం చేయడానికీ వీలుండదు, ప్రయత్నిస్తే పలక మొత్తం ముక్కలైపోతుంది. స్విచ్‌బోర్డు, మిక్సీ ప్లగ్గు, చిమ్నీ మేకులు ఎక్కడ వస్తాయో ముందే కొలిచి ఇవ్వాలి. రేపు ఇంకో ప్లగ్గు కావాలనిపిస్తే కొత్త పలక చేయించుకోవలసిందే.

డల్లాస్_తెలుగిల్లు

ఇక్కడి గోడలు ఇటుకవి కావు, చెక్క చట్రానికి జిప్సం బోర్డు బిగించి రంగు వేస్తారు. మా ఇంట్లో పొయ్యి మీద మైక్రోవేవ్ ఉంది, దాని ఫ్యాను ఆవిరిని బయటికి పంపకుండా జల్లెడ గుండా తిప్పి మళ్ళీ గదిలోకే వదులుతుంది. ఇక్కడి చాలా ఇళ్ళలో పరిస్థితి ఇదే. ఆ గోడ అందం కోసం తెల్ల పాలరాతి మొజాయిక్ వేయించుకున్నాము. అది నా తప్పు నిర్ణయం, ఇంకెవరూ చేయకూడదని చెబుతున్నాను. పాలరాయి సున్నపు జాతి రాయి. చింతపండు పులుసు, నిమ్మరసం, పెరుగు ఏది చిందినా పులుపు ఆ రాతిని కొరికేస్తుంది. మరక తుడిచినా అక్కడ మెరుపు పోయి మసకగా మిగులుతుంది. పైగా రాతిలో సన్నని రంధ్రాలుంటాయి కనుక పసుపు లోపలికి దిగింది. ఆ రంధ్రాలను మూసే సీలర్ పూసినా ఏడాదికొకసారి మళ్ళీ పూయాలి. మన వంటకు పాలరాయి పనికిరాదు.

లెక్కల_మాస్టారు

పై మాటకు కొనసాగింపుగా చెబుతున్నాను. తాండూరు బండ, కడప బండ, బేతంచెర్ల బండ కూడా సున్నపురాయి జాతివే. అరలకూ నేలకూ బాగుంటాయి కానీ, పొయ్యి వెనక గోడకు వేస్తే పులుపుతో అదే బాధ. చీమకుర్తి గ్రానైట్‌కు ఆ భయం లేదు. గట్టు వేయగా మిగిలిన గ్రానైట్ ముక్క నాలుగడుగులుంటే పొయ్యి వెనక నిలబెట్టించండి, అంతకంటె మన్నికైన గోడ ఉండదు.

కోనసీమ_పాతిల్లు

మా తాతల నాటి ఇంట్లో వంటిల్లు సున్నపు గోడలది. కట్టెల పొయ్యి ఉన్న రోజుల్లో ఏడాదికొకసారి సంక్రాంతి ముందు సున్నం కొట్టేవారు. మసి కప్పబడిపోయేది, సున్నానికి ఉన్న క్షార గుణం వల్ల బూజు పట్టేది కాదు, గోడలోని చెమ్మ కూడా ఆ పొర గుండా ఆవిరై పోయేది. పదేళ్ళ క్రితం గ్యాసు పొయ్యి వచ్చిందని మా నాన్నగారు అదే గోడకు నూనె ఎనామిల్ వేయించారు. రెండు వానాకాలాలు తిరిగేసరికి ఎనామిల్ చెక్కలు చెక్కలుగా లేచింది, ఎందుకంటే చెమ్మకు బయటికి వచ్చే దారి మూసుకుపోయింది. అంతా గీకించి, పొయ్యి వెనక మాత్రం టైల్స్ వేయించి, పై గోడకు మళ్ళీ సున్నమే కొట్టించాము. పాత సున్నపు గోడలున్నవారు దయచేసి వాటి ఊపిరి ఆడనివ్వండి. 2008 నాటి సిమెంటు గోడ సంగతి వేరని నాకు తెలుసు.

రంగులపని_20ఏళ్ళు

విశాఖ_తీరం గారితో నేను ఏకీభవించలేను. నాలుగు గోడలకూ పైకప్పు దాకా టైల్స్ వేస్తే వంటిల్లు ఆసుపత్రి గదిలా ఉంటుంది, గిన్నె పడిన చప్పుడు కూడా మోగుతుంది. ఇక్కడ రంగుకు చెడ్డపేరు తెచ్చినది డిస్టెంపర్. అందులో జిగురు తక్కువ, సుద్ద ఎక్కువ. తుడిస్తే రాలడం దాని స్వభావం. దాన్ని పూర్తిగా గీకి, ప్రైమర్ వేసి, కడగడానికి వీలైన అక్రిలిక్ ఎమల్షన్‌ను కొద్దిగా మెరుపు ఉన్న రకంలో రెండు పూతలు వేస్తే పొయ్యికి దూరంగా ఉన్న గోడలు సంవత్సరాల తరబడి బాగుంటాయి. నూనె ఎనామిల్ గట్టిదే కానీ తెలుపు వేస్తే కొన్నాళ్ళకు పచ్చబడుతుంది. జిడ్డు మీద మాత్రం ఏ రంగూ వేయకూడదు. ముందు వాషింగ్ సోడా కలిపిన వేడినీటితో రెండుసార్లు కడిగి, మంచినీటితో తుడిచి, ఆరనిచ్చాకే పని మొదలుపెట్టాలి. ఈ కడగడాన్ని ఎగ్గొట్టినవారి గోడలే ఆరు నెలల్లో పొరలుగా ఊడుతాయి.

విశాఖ_తీరం

నాలుగు గోడలకూ అని నేను చెప్పలేదు. పొయ్యి ఉన్న గోడకు పైదాకా అని నా ఉద్దేశం. మిగిలిన గోడలకు మీరు చెప్పిన ఎమల్షన్ సరిపోతుందని ఒప్పుకుంటాను, అయితే మా సముద్రపు గాలికి అది కూడా తొందరగా మసకబారుతుంది.

నెల్లూరు_పీవీసీ

బెజవాడ_వంటిల్లు గారికి మూడో వ్యక్తి చెప్పిన పీవీసీ పలకల గురించి ఎవరూ గట్టిగా హెచ్చరించలేదు కనుక చెబుతున్నాను. మా ఇంట్లో వేయించాము. పెద్ద మూకుడు పెట్టి దసరాకు అరిసెలు వండుతుండగా పొయ్యి వెనక పలక వంగి ఉబ్బింది. పీవీసీ 80 డిగ్రీల దగ్గరే మెత్తబడుతుందని తరువాత తెలిసింది. పలకకూ గోడకూ మధ్య ఖాళీలో బొద్దింకలు కాపురం పెట్టాయి. స్టోర్‌రూముకు సరే, పొయ్యి గోడకు వద్దు.

కూకట్‌పల్లి_అద్దెఇల్లు

దుకాణాల ముందు బోర్డులకు వాడే ఏసీపీ (అల్యూమినియం కాంపోజిట్) పలకలను కూడా కొందరు వంటింటికి అంటగడుతున్నారు. మామూలు రకంలో రెండు అల్యూమినియం రేకుల మధ్య ఉండేది ప్లాస్టిక్, అది మంటకు అంటుకుంటుంది. పొయ్యి దగ్గర దానికి ఒప్పుకోకండి.

లెక్కల_మాస్టారు

టైల్స్ అని తేలితే గ్రౌటు సంగతి మిగిలింది. సిమెంటుకు బదులు రెజిన్‌తో చేసే ఎపాక్సీ గ్రౌటుకు ఖర్చు చాలా ఎక్కువ. పెద్ద టైల్స్ వేసి సందులు తగ్గించినప్పుడు మామూలు సిమెంటు గ్రౌటు వేసి పైన సీలర్ పూస్తే చాలదా? మా ఇంట్లో ముదురు బూడిద రంగు గ్రౌటు ఎనిమిదేళ్ళుగా బాగానే ఉంది.

తాపీ_మేస్త్రి_గుంటూరు

మాస్టారూ, మీ గ్రౌటు బాగుండటం కాదు, ముదురు రంగు కనుక జిడ్డు కనిపించడం లేదు. సిమెంటు గ్రౌటు ఎంత గట్టిదైనా నూనెను పీలుస్తుంది. ఇంకో విషయం ఉంది. పసుపులో సున్నం కలిపితే ఎర్రని పారాణి అవుతుందని మన ఇళ్ళలో అందరికీ తెలుసు. సిమెంటుకూ సున్నంలాంటి గుణమే ఉంది. కొత్త గ్రౌటు మీద పసుపు నీరు పడితే పచ్చగా కాకుండా ఎర్రటి మరక పడేది అందుకే. సోడా, సబ్బు పెట్టి రుద్దితే ఇంకా ఎర్రబడుతుంది. కంగారుపడి స్నానాల గది యాసిడ్ పోస్తారు, అది సిమెంటు గ్రౌటును తినేసి సందును గాడిలా చేస్తుంది, పొయ్యి స్టీలును కూడా మచ్చలు చేస్తుంది. పసుపు మరకకు ఎండే మందు, కానీ వంటింటి గోడను ఎండలో పెట్టలేము కదా.

పొయ్యి గోడకైనా ఎపాక్సీ వేయించండి. అయితే వేసేవాడికి చేయి తిరిగి ఉండాలి. రెజిన్, హార్డెనర్, పొడి మూడూ కలిపాక అది బిగుసుకోవడం మొదలుపెడుతుంది, మన ఎండాకాలంలో మరీ తొందర. ఒకేసారి డబ్బా అంతా కలిపితే సగం పారేయాలి. కొద్దికొద్దిగా కలిపి, నింపిన వెంటనే టైల్ మీద మిగిలిన పొరను తుడిచేయాలి. అది ఎండిపోతే టైల్ మీద జిగట మసక శాశ్వతంగా ఉండిపోతుంది. అక్కడే చాలామంది పని చెడగొడతారు, తరువాత ఎపాక్సీదే తప్పంటారు.

అతికించే పద్ధతి కూడా చెప్పి ఆపుతాను. సిరామిక్ గోడ టైల్ నీరు పీలుస్తుంది, దాన్ని నానబెట్టి సిమెంటుతో వేస్తే పట్టు ఉంటుంది. గాజులా గట్టిపడేలా కాల్చిన విట్రిఫైడ్ టైల్ నీటిని పీల్చేది అర శాతం కూడా ఉండదు, సిమెంటు పాలు దానికి పట్టవు, ఐఎస్ 15477 (భారతీయ ప్రమాణం) గుర్తున్న టైల్ అడెసివ్, అంటే టైల్ జిగురు, వాడి తీరాలి. అడెసివ్‌తో వేసేటప్పుడు టైల్‌ను నానబెట్టకూడదు. వెనకాల నాలుగు మూలలా, మధ్యలో ముద్దలు పెట్టి నొక్కేవారిని ఆపండి. పళ్ళ తాపీతో గోడంతా సమంగా గీసి అతికించాలి. ముద్దలు పెడితే మధ్యలో డొల్ల మిగులుతుంది. మీ సింకు దగ్గర తొమ్మిది డొల్లగా పలికాయంటే చెమ్మతోపాటు ఇది కూడా కారణమై ఉండవచ్చు.

బెజవాడ_వంటిల్లు

పాలిథిన్ లోపలి వైపు రెండో రోజుకే నీటి బొట్లు పట్టాయి. ప్లంబరును పిలిచి సింకు పక్కన నాలుగు టైల్స్ తీయిస్తే, కుళాయికి వెళ్ళే పాత ఇనుప గొట్టం వంపు దగ్గర తుప్పు పట్టి సన్నగా కారుతోంది. ఎన్నేళ్ళుగా కారుతోందో తెలియదు. ఆ పొక్కులకు నేను మూడుసార్లు రంగు వేయించాను. గొట్టం మార్పించి, ఆ భాగం సిమెంటును ఇటుక కనిపించేవరకు చెక్కించి వదిలేశాము.

మీ అందరి మాటలు విన్నాక ఇలా అనుకుంటున్నాను. పొయ్యి వెనక 4 అడుగుల వెడల్పున గట్టు నుంచి పైకప్పు దాకా, మిగతా గట్టు పొడవునా 2 అడుగుల ఎత్తు వరకు 12 అంగుళాలు, 24 అంగుళాల నున్నటి లేత రంగు టైల్స్. పొయ్యి గోడకు ఎపాక్సీ. మిగిలిన గోడలకు డిస్టెంపర్ గీకించి ఎమల్షన్. గాజు మీద మనసు పోయింది కానీ ప్లగ్గుల మార్పు ఇంకా తేలలేదు కనుక వదులుకున్నాను. పొయ్యి వైపు పాత టైల్స్ గట్టిగా ఉన్నాయి కదా, వాటి మీదే కొత్తవి వేస్తే ధూళి తగ్గుతుందని మా అత్తగారి కోరిక. ఆవిడకు ఉబ్బసం ఉంది.

లెక్కల_మాస్టారు

గట్టు నుంచి పైకప్పుకు 7 అడుగులు అనుకుంటే, పొయ్యి పైన అదనంగా 20 చదరపు అడుగులు, మొత్తం 48. ఒక్కో టైల్ 2 చదరపు అడుగులు కనుక 24 కావాలి. కోతలకూ విరిగేవాటికీ కలిపి 27 తీసుకోండి. అన్నీ ఒకే బ్యాచ్ నంబరు ఉన్న పెట్టెలలోవి కావాలి, లేకపోతే రంగులో తేడా గోడ మీద కనిపిస్తుంది. రెండు టైల్స్ అటక మీద దాచుకోండి, పదేళ్ళ తరువాత ఆ డిజైను దొరకదు.

తాపీ_మేస్త్రి_గుంటూరు

పొయ్యి గోడ మీద పాతవాటి మీదే వేయవచ్చు, ఆవిడ ఆరోగ్యానికి అదే మేలు. ముందు జిడ్డు పూర్తిగా కడిగి, పాత టైల్స్ నునుపు పోయేలా గరుకు చేయించి, టైల్ మీద టైల్‌కు పనికివచ్చే అడెసివ్ అడిగి తీసుకోండి. గోడ సుమారు అర అంగుళం ముందుకు వస్తుంది, స్విచ్‌బోర్డు పెట్టెలను ఆ మేరకు ముందుకు జరపమని ఎలక్ట్రీషియనుకు టైల్స్ మొదలుకాకముందే చెప్పండి. పాత టైల్స్ ఆగిపోయిన ఎత్తు నుంచి పైకి ఉన్న గోడను కూడా అదే మట్టానికి సిమెంటుతో తెచ్చుకోవాలి, లేకపోతే మధ్యలో మెట్టు పడుతుంది.

గ్రానైట్ గట్టూ టైల్సూ కలిసే మూలలో మాత్రం గ్రౌటు వేయించకండి. బరువుకూ వేడికీ అక్కడ కొద్దిగా కదలిక ఉంటుంది, గ్రౌటు పగిలి నీరు దిగుతుంది. బూజు పట్టని సిలికాన్ నింపించండి. సింకు వైపు తొందరపడవద్దు. చెక్కిన గోడ ఆరాక మళ్ళీ పాలిథిన్ అతికించి రెండు రోజులు చూడండి. లోపలి వైపు పొడిగా ఉన్న రోజునే అక్కడ సిమెంటు పని మొదలుపెట్టించండి. పొయ్యి గోడ పని ముందు ముగిస్తే ఈలోపు మీ వంట ఆగదు.

బెజవాడ_వంటిల్లు

అలాగే చేస్తాను మేస్త్రిగారూ. సోమవారం పొయ్యి గోడ మొదలవుతుంది. సింకు వైపు కవరు ఈ రాత్రే మళ్ళీ అతికించాను.